రాజముద్ర కింద పంది తలకాయ

ఊప్సాలా
1978 ఏప్రిల్ 9

పెద్దక్క టెక్లాకు,

ఈస్టరుకు నీ ఇంట్లో తిన్న గుడ్లూ ఉప్పుచేపా ఇంకా అరగలేదు. నువ్వు వారం రోజులకని ఇచ్చిన రాగి పలక క్షేమంగా ఇల్లు చేరింది. నేనే అంత క్షేమంగా చేరలేదు, భుజం పట్టేసింది. అవెస్తా స్టేషన్లో దాన్ని వీపుసంచిలో వేసుకుని నిలబడితే ఒక ముసలాయన, “ఏం బాబూ, పొయ్యి తలుపు పట్టుకెళ్తున్నావా?” అన్నాడు. “కాదండీ, నాణెం,” అన్నాను. “అట్లాగా. దానికి చిల్లర దొరుకుతుందా?” అన్నాడు. అవెస్తా వాళ్ళ సంగతి ఇంతే. ఈ పలకలు కొట్టింది వాళ్ళ తాతలే, వీటి గొప్పతనం తెలియనిదీ వాళ్ళకే.

అక్కా, ఇది మామూలు పలక కాదు. 1742 నాటిది. వెండి చాలని రాజు, ఆ విలువకు సరిపడా రాగిని పళ్ళెమంత పలకలుగా కోయించి, నాలుగు మూలలా కిరీటం గుద్దించి, ‘ఇదే డబ్బు, మోసుకోండి’ అన్న రోజులవి. నా దగ్గరున్నవన్నీ అప్పటి డబ్బు లెక్కలో రెండు దాలెర్ల పలకలు. ఇది నాలుగు దాలెర్లది. రోజూ చివరి పేషెంటు వెళ్ళగానే, పళ్ళు చూసే చిన్న అద్దంతోనే దీన్ని అంగుళం అంగుళం చూస్తున్నాను.

మా ఆవిడ మైబ్రిట్‌కి మాత్రం అన్నీ ఒకటే. మంచం కింద పలకలుంటే చీపురు దూరడం లేదట. “నీ డబ్బుతో ఒక్క కప్పు కాఫీ రాదు గానీ నా కాలి బొటనవేలు మాత్రం పోయింది,” అంటుంది.

అసలు సంగతి. మా రాగి పలకల మిత్రమండలికి నవంబరులో యాభై ఏళ్ళు నిండుతాయి. ప్రదర్శన ఉంది, అధ్యక్షుడి ఎన్నిక కూడా ఉంది. నడిమి బల్ల మీద పెట్టే పలకకు కుటుంబ చరిత్ర ఉండాలి. ఇది మన ఇంట్లో ఎప్పటినుంచి ఉందో రెండు ముక్కలు రాయి. కాస్త పాతకాలం నుంచి మొదలుపెడితే బాగుంటుంది.

నీ చిన్న తమ్ముడు
ఆర్విద్


నోర్‌బీ
1978 ఏప్రిల్ 20

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు కృపవల్ల బాగున్నాను. నదిలో మంచు పగిలింది. ఆ చప్పుడుకు కోళ్ళు గుడ్లు మానేశాయి.

పలక గురించి అడిగావు. నాన్న దాన్ని హెడెమోరా సంతలో పాత ఇనుము అమ్మేవాడి దగ్గర తెచ్చాడు. బదులుగా గొర్రెపిల్లనిచ్చాడు. నేను చర్చిలో మొదటిసారి ప్రభువు బల్లలో పాలుపొందిన ఏడాది అది. అమ్మ ఊరుకోలేదు. “గొర్రెపిల్లనైతే తినేవాళ్ళం. దీన్నేం తింటాం?” అంది. “దీని కింద పెట్టినదాన్ని తింటాం,” అన్నాడు నాన్న.

అప్పటినుంచి క్రిస్మస్ సిల్తా దానితోనే. పంది తలకాయ ఉడికించి, ఎముకలు తీసి, ఉప్పు పట్టించి, గుడ్డలో చుట్టి, పలక కింద నొక్కడం. రాజుగారికి ఉప్పు తగలకూడదని అమ్మ ముద్రలున్న వైపు ఎప్పుడూ పైకే పెట్టేది. ఇది నీకూ తెలిసిందే. బరువు చాలకపోతే పైన కూర్చున్నది నువ్వే.

ఇంతకంటే పాత చరిత్ర నాకు తెలియదు.

వారమని తీసుకెళ్ళావు. తొందర లేదు. డిసెంబరుకు మాత్రం కావాలి. చర్చిలో ముసలివాళ్ళ విందుకు సిల్తా చేసేది నేనే.

నీ కోసం ప్రార్థిస్తున్నాను. మైబ్రిట్ బొటనవేలి కోసం కూడా.

టెక్లా


ఊప్సాలా
1978 మే 14

అక్కా,

నీ ఉత్తరం తలుపు వేసుకుని చదివాను. మళ్ళీ చదివి సొరుగులో పెట్టి తాళం వేశాను. దయచేసి ఆ పాత ఇనుము వాడి ఊసు, గొర్రెపిల్ల ఊసు ఇంకెవరి దగ్గరా ఎత్తకు. నేను కూర్చున్న సంగతి అసలే ఎత్తకు.

నీకు విషయం మొత్తం చెప్పాలి. మండలిలో ఎక్‌ఫెల్ట్ అని ఒకాయన ఉన్నాడు. హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది గానీ మేమందరం ఇంకా ఆయన క్లాసులోనే ఉన్నాం. ఆయన కూడా అధ్యక్ష పదవికి నిలబడుతున్నాడు. మొన్నటి సమావేశంలో మన పలకను బోర్లించి భూతద్దం పెట్టి చూశాడు. “ఉప్పు తిన్న గుంటలివి. మునిగిన ఓడలోంచి తీసిన పలక. సముద్రపు సరుకు,” అన్నాడు. నీకు తెలియదు గానీ, మాలో ఇంటి పలకకు ముందు వరస, సముద్రపు పలకకు వెనక వరస. ఒకరి పలకను సముద్రపు సరుకు అన్నారంటే వాళ్ళ నాయనమ్మను ఏదో అన్నట్టే.

దానికి తోడు నేను ఏప్రిల్ నెల మా పత్రికలో ఒక వ్యాసం రాసేశాను. నీ జవాబు వచ్చేదాకా ఆగలేకపోయాను. మన ముత్తాత ఊలోఫ్ రాగి గనిలో పెద్ద మేస్త్రీ అనీ, ఈ పలక ఆయనకు రాజోద్యోగులు ఇచ్చిన బహుమానమనీ, చర్చి పెట్టెలో నారబట్టలో చుట్టి ఉండేదనీ రాశాను. కలం కొంచెం ముందుకెళ్ళింది. ఇప్పుడు ఎక్‌ఫెల్ట్ మాట నిలిస్తే నేను అబద్ధాలకోరుని. అధ్యక్ష పదవి మాట దేవుడెరుగు, సభ్యత్వమే తీసేస్తారు. ఇరవై ఏళ్ళుగా నాకున్న స్నేహితులంటే వాళ్ళే అక్కా.

అందుకే సాక్ష్యపత్రం నేనే రాసి ఇందులో పెట్టాను. ‘...మా ముత్తాతగారి కాలం నుంచి మా వంశంలో ఉన్నదనీ, చర్చి పెట్టె దాటి ఎరగదనీ, దానికి ఉప్పుగాలి కూడా సోకలేదనీ...’ అలా సాగుతుంది. నువ్వు చేయాల్సింది సంతకం ఒక్కటే.

పార్శెలులో నీకొక కానుక వస్తుంది. స్టీలుతో చేసింది, పైన మర తిప్పితే కిందకు నొక్కుతుంది. జర్మనీ సరుకు. ఇక నీకు సిల్తాకు పలకతో పని లేదు.

నీ మీదే ఆశ పెట్టుకున్న
ఆర్విద్


నోర్‌బీ
1978 జూన్ 3

ప్రియమైన ఆర్విద్,

పార్శెలు అందింది. ఏ పండుగా లేకుండా నువ్వు నాకు కానుక పంపడం ఇదే మొదలు. కళ్ళు చెమర్చాయి. మర చాలా బలమైనది. చర్చి వంటగదికి ఇచ్చాను, ఆపిల్ రసం తీయడానికి బాగుంటుంది. ఆడవాళ్ళందరూ నిన్ను దీవించారు. సిల్తాకు మనకు పలక ఉందిగా.

నువ్వు రాసి పంపిన కాగితం చదివాను. ముత్తాత ఊలోఫ్ ఎవరో నాకు తెలియదు. మనకున్నది ఊల్లె తాత. మేస్త్రీ కాదు, అడవిలో బొగ్గు కాల్చేవాడు. ఒక పండుగకు తాగి బొగ్గుకుప్ప పక్కనే పడుకుంటే సగం మీసం కాలిపోయిందని నాయనమ్మ చెప్పేది. సర్కారు మనుషులు ఒకసారి ఆయన కోసం వచ్చిన మాట నిజమే. బహుమానం ఇవ్వడానికి కాదు.

ఉప్పుగాలి సోకలేదని రాశావు. గుంట ఎందుకు పడుతుందో పళ్ళ డాక్టరుకు నేను చెప్పాలా?

సంగతి ప్రభువు ముందు పెడతాను. ఆయన ఏది చూపిస్తే అది రాస్తాను. పాస్టర్ గారితో కూడా మాట్లాడతాను.

లైలాక్ పూసింది. మైబ్రిట్‌ను ఒకసారి పంపు, పాపం గాలి మార్పు ఉంటుంది.

టెక్లా


ఊప్సాలా
1978 జూన్ 27

నా బంగారు అక్కకు,

ప్రభువు ముందు పెడతానన్నావు. ఇంకేం కావాలి నాకు? మన ఇంటి పరువు ఆయన మాత్రం చూడకుండా ఉంటాడా? పాస్టర్ గారిని కలపాలన్న ఆలోచన నాకు రానే లేదు. నీకున్న బుర్ర నాకు లేదు.

మిడ్‌సమ్మర్ విందులో అందరి ముందూ చెప్పేశాను. “మా పెద్దక్క ఆదివారం చర్చి తప్పని మనిషి. పాస్టరు సంతకంతో సాక్ష్యం ఇస్తోంది,” అన్నాను. ఎక్‌ఫెల్ట్ నోట్లో బంగాళాదుంప నమలడం ఆపేశాడు. ఆ ఒక్క చూపుకే నేను నీకు జీవితాంతం రుణపడి ఉంటాను.

ఒక్క నియమం ఉంది. సాక్ష్యాన్ని మూసిన కవరులో నేరుగా మండలి కార్యదర్శికే పోస్టు చేయాలి. పలక పెట్టినవాడు దాన్ని ముట్టుకోకూడదు, ముందుగా చదవకూడదు. ఈ నియమం పెట్టించింది ఎక్‌ఫెల్టే. చిరునామా కింద రాశాను.

ఇంట్లో కొంచెం గొడవగా ఉంది. కింది వాటా వాళ్ళ గది కప్పు బీటలిచ్చింది. మా అపార్టుమెంటు కమిటీ మెట్ల దగ్గర ఒక చీటీ అంటించింది. పేరు లేదు. ‘ఇంట్లో ఇనుప సామాను నిల్వ చేసుకునే మిత్రులు ఎవరైనా ఉంటే, ఇతరుల తలల గురించి కూడా ఆలోచిస్తారని ఆశిస్తున్నాం’ అని మర్యాదగా రాశారు. నేను దాని కిందే, ‘ఇనుము కాదు, రాగి’ అని రాశాను. అప్పటినుంచి బట్టలుతికే గది దగ్గర మైబ్రిట్‌ను ఎవరూ పలకరించడం లేదట. “రాగి అని చెప్పడం అంత అవసరమా?” అంటుంది. నిజం నిజమే కదా అక్కా.

నీకొక ఉన్ని శాలువా పంపుతున్నాను.

ఆర్విద్


నోర్‌బీ
1978 ఆగస్టు 12

ప్రియమైన ఆర్విద్,

శాలువా వెచ్చగా ఉంది. ఇన్ని కానుకలు వద్దు. నువ్వు మారినందుకే స్తోత్రం చెల్లిస్తున్నాను.

గత మంగళవారం ఒక పెద్దమనిషి సైకిలు మీద వచ్చాడు. టై కట్టుకుని ఉన్నాడు. పుట్టగొడుగులు ఏరుకోవడానికి వచ్చానన్నాడు. చేతిలో బుట్ట లేదు, జేబులో భూతద్దం ఉంది. అడవి అటువైపు అని చూపించినా కదల్లేదు. కాఫీకి కూర్చోమన్నాను. ఏడు రకాల బిస్కెట్లూ పెట్టాను.

“ఈ ఊళ్ళో పాత రాగి సామాను బాగా ఉంటుందట,” అన్నాడు.

“ఉంటుంది. మీకు కాఫీ పోసింది అందులోంచే.”

“పలకలు?”

“ఒకటుంది. తమ్ముడు తీసుకెళ్ళాడు.”

“ఎక్కడ దాచేవాళ్ళు?”

“దాచలేదు. పంది తలకాయ మీద పెట్టేవాళ్ళం.”

ఆయన నా మొహం వంక అలాగే చూశాడు. “అమ్మా, నేను జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పాను. ఎదుటివాళ్ళు అబద్ధమాడుతుంటే ఇట్టే తెలిసిపోతుంది,” అన్నాడు.

“మంచి వరమండీ,” అన్నాను.

“రాజముద్ర ఉన్న పలకను ఎవరైనా పంది తలకాయ మీద పెడతారా? మీరింత నెమ్మదిగా చెబుతున్నారంటేనే ఏదో దాస్తున్నారు. ఏ ఓడలోది అది?”

“నాకు తెలియదు. నేను ఓడ ఎక్కలేదు, నీళ్ళంటే తల తిరుగుతుంది.”

అది కూడా రాసుకున్నాడు. బిస్కెట్లు అన్ని రకాలూ తిన్నాడు. గోడ మీద అమ్మ కుట్టిన వాక్యంలో ఒక కామా తప్పుందని చెప్పి వెళ్ళిపోయాడు. పేరు చెప్పలేదు. ఒంటరివాడిలా ఉన్నాడు. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకున్నాను.

నీ సాక్ష్యం సోమవారం పోస్టు చేశాను. చాలా ప్రార్థించి రాశాను. పాస్టర్ గారూ సంతకం చేశారు. ‘ఇది నేను కళ్ళారా చూశాను, నోరారా తిన్నాను’ అని ఒక మాట ఆయనే కలిపారు.

పీతల పండక్కి వస్తారా?

టెక్లా


ఊప్సాలా
1978 ఆగస్టు 17

అక్కా,

నోరారా తినడమేమిటి? నేను రాసి పంపిన కాగితంలో తినేది ఏమీ లేదు.

ఏం రాశావు నువ్వు? కార్యదర్శికి ఫోన్ చేశాను. “మూసిన కవరు, నవంబరులోనే తెరుస్తాం,” అని పెట్టేశాడు. ఆ సైకిలు పెద్దమనిషే ఎక్‌ఫెల్ట్. ఆయనకు కాఫీ పోశావా? ఏడు రకాలూ పెట్టావా? నేను వస్తే ఎప్పుడూ నాలుగు రకాలే.

ఇప్పుడైనా మించిపోలేదు. కార్యదర్శికి ఇంకో ఉత్తరం రాయి. వయసు మీదపడి మతిమరుపు వచ్చిందనీ, మొదటిదాన్ని లెక్కలోకి తీసుకోవద్దనీ రాయి. యాభై దాటావు కదా, ఎవరూ తప్పు పట్టరు.

లేక అమ్మ సోఫా నేను తీసుకున్నానని ఇంకా మనసులో పెట్టుకున్నావా? అందుకేనా ఇదంతా? ఒక్క మాట అంటే లారీలో వేయించి పంపేవాణ్ణి. ఆ మర, ఆ శాలువా ఎందుకు పంపాననుకున్నావు?

మైబ్రిట్ నా భుజం మీదుగా నీ ఉత్తరాలన్నీ చదివింది. నేను చిన్నప్పుడు పలక మీద కూర్చున్న సంగతి ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. నాకు కిరీటం ముద్ర ఎక్కడైనా పడిందేమో చూస్తానంటోంది. ఇదీ నా బతుకు.

ఆర్విద్


నోర్‌బీ
1978 సెప్టెంబరు 2

తమ్ముడూ,

మర ఎందుకు పంపావో, శాలువా ఎందుకు పంపావో ఇప్పుడు తెలిసింది. సరే. శాలువా అయినా వెచ్చగానే ఉంది.

సోఫా నీ దగ్గరే ఉండనీ. దాని స్ప్రింగు నా నడుముకు పడదు. నువ్వు పట్టుకెళ్ళిన రోజు నేను దేవుణ్ణి స్తుతించాను.

మతిమరుపు రాలేదు. రాసింది మాట మాటా గుర్తుంది:

‘ఈ పలకను మా నాన్న హెడెమోరా సంతలో గొర్రెపిల్లనిచ్చి తెచ్చాడు. అంతకుముందు ఎక్కడుందో నాకు తెలియదు. మా ఇంటికి వచ్చాక ఇది సముద్రం చూడలేదు. ప్రతి క్రిస్మస్‌కూ సిల్తాను దీనితో నొక్కుతున్నాం. రాజుగారి మీద గౌరవంతో మా అమ్మ ముద్రలను పైకి పెట్టేది. కాబట్టి ఉప్పు తిన్నది వెనక వైపే. బరువు చాలనప్పుడు మా తమ్ముడు ఆర్విద్‌ను పైన కూర్చోబెట్టేవాళ్ళం. కదలకుండా కూర్చునేవాడు, మంచి పిల్లవాడు. ఈ డిసెంబరులో మా చర్చి ముసలివాళ్ళ విందుకు కూడా దీనితోనే నొక్కుతాను.’

నీకు మంచి పేరు వచ్చేట్టే రాశాను.

నీకు దీంట్లో సిగ్గేమిటో ఎంత ఆలోచించినా అందలేదు. ఆ గుంటలు సముద్రం చేసినవి కావు. రాజు చేసినవీ కావు. అమ్మ చేసినవి. వెనక గదిలో, ఆ చలిలో, పగిలిన చేతులతో ఉప్పు పట్టించేది. పగుళ్ళలోకి ఉప్పు దిగితే పెదవి కొరుక్కునేది గానీ పైకి అనేది కాదు. అమ్మ చేతులు కనిపించే ఫోటో మనలో ఎవరి దగ్గరా లేదు. ఉన్నదల్లా ఆ పలక వెనక వైపు.

ముందు వైపు సంగతి నువ్వూ నీ స్నేహితులూ చూసుకోండి. వెనక వైపుకు ఇంకొకరి పేరు పెట్టి నేను సంతకం చేయలేను.

నువ్వు భయపడుతున్నావని తెలుసు. నవంబరు దాకా ఉదయం ప్రార్థన నీ కోసమే.

అక్క


ఊప్సాలా
1978 నవంబరు 13

పెద్దక్కకు,

నీ ఉత్తరానికి రెండు నెలలుగా జవాబు రాయలేదు. కోపంతో కాదు, ఏం రాయాలో తెలియక. ఇప్పుడు రాస్తున్నాను, తీరిగ్గా కూర్చుని చదువు.

శనివారం సమావేశం జరిగింది. మా సమావేశాలు నీకు తెలియవు. మొదట సమావేశం మొదలైందని తీర్మానించాలి. తరువాత సక్రమంగా మొదలైందని తీర్మానించాలి. కాఫీ ఏడో అంశం. నీ సాక్ష్యం తొమ్మిదోది. ఆ రోజు నేను కాఫీ ముట్టలేదు.

కార్యదర్శి కవరు కోసి చదివాడు. గొర్రెపిల్ల దగ్గర ఎవరో దగ్గారు. తరువాత నేను పలక మీద కూర్చున్న సంగతి చదివాడు. ఎవరూ నవ్వలేదు అక్కా, అదే భయం. మా వాళ్ళు నవ్వితే బతికినట్టు, నవ్వకపోతే మినిట్స్‌లో ఎక్కినట్టు.

ఎక్‌ఫెల్ట్ లేచాడు. “గొర్రెపిల్లకు ముందు ఎక్కడుంది?” అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు మూల కూర్చునే ముసలి ఇంజనీరు, ఎప్పుడూ నోరు విప్పని మనిషి, వచ్చి పలకను ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాడు. “హెడ్మాస్టరు గారూ, సముద్రం రెండు వైపులా తింటుంది. దీన్ని ఉప్పు ఒకవైపే తిన్నది. ఆవిడ రాసిందే నిజం,” అన్నాడు. కూర్చోబోతూ, “సిల్తాలో మీ అమ్మగారు లవంగం వేసేవారా?” అని నన్నడిగాడు. “మిరియమే,” అన్నాను. “మా అమ్మ లవంగం వేసేది,” అన్నాడు.

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఒకాయన వాళ్ళ నాయనమ్మ జున్ను అంటాడు, ఒకాయన మేనత్త పులిసిన చేప అంటాడు. పత్రికలో పద్దెనిమిదో శతాబ్దం తప్ప ఇంకేమీ రాయని మనుషులు అక్కా. కార్యదర్శి సుత్తి కొట్టీ కొట్టీ తనే వాళ్ళ అమ్మ గురించి మొదలుపెట్టాడు.

చివరికి తీర్మానం చేశారు. ఇకమీదట ‘వంటింటి పలక’ అని కొత్త వరస. పెట్టెలో దాచిన పలక కంటే కూడా ముందు వరస. దాంట్లో ప్రస్తుతానికి ఉన్న పలక మనదొక్కటే. నన్ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. నా వ్యాసం మాట వచ్చింది. చర్చి పెట్టె అన్నది ఇంటి పవిత్రతకు గుర్తుగా రాశానని వివరణ ఇచ్చాను. మినిట్స్‌లో రాసుకున్నారు.

మర్నాటినుంచి అందరికీ వంటింటి పిచ్చి పట్టింది. బూజుపట్టిన పెట్టెల్లోంచి పలకలు తీసి నూనె మరకలు వెతుకుతున్నారు. ఎక్‌ఫెల్ట్ నిన్న నాతో, “మా నాయనమ్మ కూడా దేన్నో నొక్కేదని లీలగా గుర్తొస్తోంది,” అన్నాడు.

ఒక్క ఇబ్బంది. పలక ఇప్పుడు గాజుపెట్టెలో ఉంది. ఈస్టరు దాకా ప్రదర్శన. ఆ తరువాత కూడా దాన్ని వంటకు వాడకూడదని కమిటీ అభిప్రాయం. కొత్త ఉప్పు తగిలితే పాత ఉప్పు చరిత్ర చెడుతుంది. కాబట్టి డిసెంబరుకు రాదు. చర్చిలో ఆ జర్మనీ మర ఉంది కదా.

నీ వల్లే నిలబడ్డ
ఆర్విద్, అధ్యక్షుడు


నోర్‌బీ
1978 నవంబరు 21

ప్రియమైన ఆర్విద్,

నీకు గౌరవం దక్కినందుకు స్తోత్రం. ఇంజనీరు గారికి లవంగం కన్నా మిరియమే మంచిదని చెప్పు.

పలక రాదన్నావు. అలాగైతే నాకు ఒక చిక్కు వచ్చిపడింది.

ఈ డిసెంబరులో కూడా దీనితోనే నొక్కుతానని సాక్ష్యంలో రాశాను. పాస్టర్ గారు దాని కింద సంతకం చేశారు. పలక రాకపోతే అది అబద్ధమవుతుంది. నా పేరు కింద అబద్ధం ఉంచుకుని నేను క్రిస్మస్‌కు ప్రభువు బల్ల దగ్గరకు వెళ్ళలేను. కాబట్టి ఆ సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటున్నానని మీ కార్యదర్శికి రాయాలి. రాశాను. కవరు మీద చిరునామా కూడా రాశాను. స్టాంపు ఇంకా అతికించలేదు.

నిన్న పాస్టర్ గారు చూసి, “ఇది బెదిరింపా టెక్లా?” అన్నారు.

“కాదండీ. మనస్సాక్షి,” అన్నాను.

“రెండూ అప్పుడప్పుడు ఒకే బండిలో వస్తుంటాయి,” అన్నారు.

నేను చాలాసేపు ప్రార్థించాను. నాకైతే మనస్సాక్షే అనిపించింది.

పంది తలకాయకు కసాయికి చెప్పాను. పన్నెండో తారీకున తెస్తాడు.

పలకను పెట్టెలో పెట్టుకున్నావు. అమ్మ ఉప్పును పాడు చేయకూడదంటున్నావు. అమ్మకు ఆ మాట అర్థమయ్యేది కాదు. ఉప్పు పట్టించడానికి ఎవరైనా ఒక చేయి వేస్తే ఆమెకు అర్థమయ్యేది.

చలి బాగా ఉంది. వీపుకు ఉన్నిబట్ట కట్టుకో.

అక్క


ఊప్సాలా
1978 డిసెంబరు 3

అక్కా,

స్టాంపు అతికించకు.

కమిటీని అత్యవసరంగా పిలిచాను. అధ్యక్షుడిగా నా మొదటి అత్యవసర సమావేశం, పంది తలకాయ మీద. సాక్ష్యం పోతే పలక పోతుంది, పలక పోతే వరసే పోతుంది, వరస పోతే వాళ్ళ నాయనమ్మలందరూ పోతారు. ఒక్కరు కూడా వ్యతిరేకించలేదు. ‘వంటింటి పలక ఏటా వంటింటికి వెళ్ళి రావాలి’ అని నియమావళిలో చేర్చారు. ఇద్దరు సాక్షుల ఎదుట గాజుపెట్టె తెరిచారు.

పన్నెండున సాయంత్రం బండికి వస్తున్నాను. మైబ్రిట్ కూడా వస్తోంది. ఈ పలక ఒక్కటే నీ దగ్గరికి వస్తోందని తెలిసి, మంచం కింద ఉన్న మిగతావాటినీ తీసుకెళ్ళి అక్కడే దింపి వద్దామంది. ఉప్పు ఈసారి నేను పట్టిస్తాను. నవ్వకు.

ఇంకో సంగతి. నా సంచిలో ఎక్‌ఫెల్ట్ పలక కూడా ఉంటుంది. ఆయనే తెచ్చి ఇచ్చాడు. అది కూడా నీ తలకాయ మీద కాసేపు ఉంటే బాగుంటుందని ఆయన కోరిక. నీ చేత్తో ఒక సాక్ష్యం రాసిస్తే చాలట, కాస్త పాతకాలం నుంచి మొదలుపెట్టి. అక్కగారి మాటంటే మండలిలో శిలాశాసనం అన్నాడు. ఆ మనిషి ఇంకొకరిని బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. కాదనలేకపోయాను.

ఆర్విద్


నోర్‌బీ
1978 డిసెంబరు 18

ప్రియమైన ఆర్విద్,

మీరు క్షేమంగా చేరారని మైబ్రిట్ రాసింది. నీ చేతుల మంట తగ్గిందా? రాత్రి పడుకోబోయే ముందు వెన్న రాసుకో. అమ్మ అదే చేసేది.

విందు బాగా జరిగింది. సిల్తా ముక్క కూడా మిగల్లేదు. ఈసారి ఉప్పు కొంచెం ఎక్కువైందని ఇద్దరు ముసలమ్మలు అన్నారు. మా తమ్ముడు పట్టించాడని చెప్పాను. “అధ్యక్షుడు కదా, పోనీలే,” అన్నారు.

కార్యదర్శికి రాసిన ఆ కవరును పొయ్యిలో వేశాను.

రెండు పలకలూ కడిగి, ఆరబెట్టి, సంచిలో పెట్టాను. కొత్త సంవత్సరంలో వచ్చి తీసుకెళ్ళు. హెడ్మాస్టరు గారి సాక్ష్యం ఈ రోజే కార్యదర్శికి పోస్టు చేశాను, నీ చేతికివ్వడం నియమం కాదు కదా. పాతకాలం నుంచి మొదలుపెట్టమన్నారు. నాకు తెలిసినంత కాలం నుంచి మొదలుపెట్టాను. ఆయన తొందరపడుతుంటే ఇది చదివి వినిపించు:

‘ఈ పలక ఎక్‌ఫెల్ట్ గారిది. 1978 డిసెంబరు పదమూడో తారీకున మా ఇంట్లో మొదటిసారి పంది తలకాయను నొక్కింది. అంతకుముందు ఏం చేసిందో నాకు తెలియదు. బాగా నొక్కింది.’

టెక్లా